తుంటి తప్పేం లేదు

2011 ఆగస్టు 28, ఆదివారం. దక్షిణ కొరియాలోని డేగు నగరం. ప్రపంచ అథ్లెటిక్స్ పోటీల్లో మగవాళ్ల వంద మీటర్ల ఫైనల్. ఎనిమిది మంది బ్లాకుల్లో కాళ్లు పెట్టి వంగారు. తుపాకీ పేలకముందే ఉసేన్ బోల్ట్ లేచిపోయాడు. ఒక్కసారి తొందరపడితే చాలు, ఇక ఇంటికే అన్న నియమం వచ్చి అప్పటికి ఏడాదిన్నర దాటింది. బోల్ట్‌కి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఎర్ర కార్డు చూపించేలోపే చొక్కా పీకేసుకున్నాడు. రెండోసారి తుపాకీ పేలినప్పుడు పరుగెత్తింది ఏడుగురే. యోహాన్ బ్లేక్ 9.92 సెకన్లలో గెలిచాడు. రెండో స్థానం వాల్టర్ డిక్స్‌ది, 10.08. మూడోది 35 ఏళ్ల కిమ్ కాలిన్స్‌ది, 10.09.

ఆ ఏడాది జూన్ మొదట్లో ఫ్లోరిడాలోని క్లెర్మాంట్‌లో ఒక అమెరికన్ ఇదే దూరాన్ని 9.79లో పరుగెత్తాడు. డేగులో ఆ రోజు ఎదురుగాలి వీచిన మాట నిజమే. ఆ గాలి లెక్క తీసేసినా, క్లెర్మాంట్‌లో పరుగెత్తిన మనిషికి పతకం చేతికందేంత దూరంలో ఉందని చెప్పడానికి పెద్ద అథ్లెటిక్స్ పరిజ్ఞానం అక్కర్లేదు. అతని పేరు టైసన్ గే. బోల్ట్ తనంతట తాను తప్పుకున్న ఆ ఒక్క ఆదివారం అతను డేగులో లేడు. తుంటికి ఆపరేషన్ జరిగి అప్పటికి రెండు నెలలు కూడా నిండలేదు.

గే పుట్టింది 1982లో, కెంటకీ రాష్ట్రంలోని లెక్సింగ్టన్‌లో. గుర్రాలకు పేరుపడ్డ ఊరు. ఇంట్లో అమ్మా, అక్కా ఇద్దరూ పరుగు పందేల వాళ్లే. 2004లో ఆర్కెన్సా యూనివర్సిటీ తరఫున కాలేజీల జాతీయ పోటీల్లో వంద మీటర్లు గెలిచాడు. 2007లో జపాన్‌లోని ఒసాకాలో జరిగిన ప్రపంచ పోటీల్లో వంద, రెండు వందలు, రిలే మూడింట్లోనూ బంగారం అతనిదే. ఆ రెండు వందల మీటర్లలో అతని వెనక రెండో స్థానంలో వచ్చిన 21 ఏళ్ల జమైకా కుర్రాడే బోల్ట్.

అక్కణ్నుంచి కథ అడ్డం తిరిగింది. 2008 ఒలింపిక్ సెలక్షన్ పోటీల్లో 9.77తో అమెరికా రికార్డు కొట్టాడు. సరిగ్గా వారానికి, అదే ట్రాక్ మీద, రెండు వందల మీటర్ల హీట్‌లో తొడ వెనక కండరం పట్టేసి కూలబడ్డాడు. బీజింగ్‌లో ఫైనల్‌కే చేరలేదు. 2009లో బెర్లిన్ ప్రపంచ పోటీలకు గజ్జల్లో నొప్పితోనే వెళ్లి 9.71 పరుగెత్తాడు. అప్పటిదాకా బోల్ట్ తప్ప భూమ్మీద ఏ మనిషీ అంత వేగంగా పరుగెత్తలేదు. అయినా దక్కింది వెండే, ఎందుకంటే పక్కనే బోల్ట్ 9.58 కొట్టాడు. నెల దాటాక షాంఘైలో గే 9.69కి దిగాడు. 2010 ఆగస్టులో స్టాక్‌హోమ్‌లో బోల్ట్‌నే ఓడించాడు, 9.84కి 9.97. వంద మీటర్లలో బోల్ట్ రెండేళ్ల తర్వాత చవిచూసిన మొదటి ఓటమి అది.

అంటే బోల్ట్‌ని ఓడించే కాళ్లు ఉన్న మనిషే. ఆ కాళ్లకీ నడుముకీ మధ్య ఉన్న కీలే మొరాయించింది.

తుంటి కీలులో ఒక గిన్నె, ఒక బంతి ఉంటాయి. గిన్నె కటి ఎముకలో, బంతి తొడ ఎముక తలకాయలో. గిన్నె అంచు చుట్టూ మెత్తగా, గట్టిగా ఉండే మృదులాస్థి పట్టీ ఒకటి ఉంటుంది. దాన్ని లేబ్రమ్ అంటారు. ప్రెషర్ కుక్కర్ మూతకి గాస్కెట్ ఏం చేస్తుందో ఇది కీలుకి అదే చేస్తుంది. లోపలి ద్రవాన్ని బయటికి జారిపోనివ్వదు, బంతిని గిన్నెలోకి పీల్చి పట్టుకుంటుంది. అది చిరిగితే మనిషి కుప్పకూలిపోడు. నడుస్తాడు, మెట్లెక్కుతాడు, చాలామంది పరుగెత్తుతారు కూడా. కాకపోతే ఒకానొక కోణంలో కాలు మడిచినప్పుడల్లా లోపల ఏదో నొక్కుకున్నట్టు, కలుక్కుమన్నట్టు ఉంటుంది.

ఈ చిరుగు ఉత్తినే రాదు. చాలామందిలో తొడ ఎముక బంతికీ మెడకీ మధ్య ఉండాల్సిన నొక్కు నిండిపోయి చిన్న బొడిపె లేచి ఉంటుంది. కొందరిలో గిన్నె అంచే కాస్త ముందుకి పొడుచుకొచ్చి ఉంటుంది. కాలు పైకి మడిచినప్పుడు ఎముకా ఎముకా ఢీకొని, మధ్యలో చిక్కిన లేబ్రమ్ నలుగుతుంది. స్విట్జర్లాండ్‌లోని బెర్న్ నగరానికి చెందిన రైన్‌హోల్డ్ గాంజ్ బృందం 2003లో ఈ ఢీకొనడాన్ని వివరంగా రాసింది. తుంటి అరుగుదలకి ఇదొక మూలం అని వాళ్లు చెప్పేదాకా, వయసులో ఉన్న ఆటగాళ్ల గజ్జల నొప్పిని వైద్యులు ఎక్కువగా కండరం పట్టిందనే సరిపెట్టేవారు. ఎదిగే వయసులో బాస్కెట్‌బాల్, ఫుట్‌బాల్ లాంటి ఆటలు విపరీతంగా ఆడిన పిల్లల్లో ఈ బొడిపె ఎక్కువగా కనిపిస్తుందని తర్వాతి పరిశోధనలు చెప్పాయి.

తుంటి మీద కొడితే పళ్లు రాలాయన్న సామెత ఈ జబ్బుని చూసే పుట్టిందా అనిపిస్తుంది. దెబ్బ తుంటి లోపల, నొప్పి మాత్రం గజ్జల్లో. కొందరికి తొడ ముందు భాగంలో, కొందరికి పిర్రలో, ఇంకొందరికి ఏకంగా మోకాలి దగ్గర. దాంతో హెర్నియా అనుకుని ఒకరి దగ్గరికి, నడుంనొప్పి అనుకుని మరొకరి దగ్గరికి తిరిగి తిరిగి చివరికి తుంటి ఎమ్మారైకి వచ్చేవాళ్లు ఎక్కడైనా ఉంటారు. నెక్లెస్ రోడ్డు మీదా, విశాఖ బీచ్ రోడ్డు మీదా తెల్లారకముందే పరుగెత్తే మనవాళ్లకి ఒక సౌకర్యం, లేదా అసౌకర్యం, అదనంగా ఉంది. మనం ఇంకా నేల మీద కూర్చుంటాం. గొంతుక్కూర్చోవడం, బాసింపట్టు వేసుకోవడం రెండూ తుంటిని బాగా మడిచే భంగిమలే. పది కిలోమీటర్లు హాయిగా పరుగెత్తి వచ్చిన మనిషి పీట మీద కూర్చోబోతూ అబ్బా అన్నాడంటే, అనుమానించాల్సింది మోకాలిని ఒక్కదాన్నే కాదు.

అయితే ఎమ్మారైలో చిరుగు కనిపించగానే బెంబేలు పడక్కర్లేదు. తుంటిలో ఏ నొప్పీ లేని 45 మంది వాలంటీర్లకి స్కాన్ తీస్తే 69 శాతం మందిలో లేబ్రమ్ చిరుగు కనిపించిందని 2012లో ఒక అధ్యయనం వచ్చింది. ఆ పత్రం రాసినవాళ్లలో ఒకరు మార్క్ ఫిలిపాన్, అంటే ఇలాంటి తుంటి ఆపరేషన్లకి ప్రపంచంలోనే పేరుపడ్డ సర్జన్. బొమ్మలో చిరుగు ఉన్నంత మాత్రాన అదే నొప్పికి కారణం కాకపోవచ్చని కత్తి పట్టే మనిషే చెబుతున్నాడు. దీన్ని గుర్తు పెట్టుకోవాలి.

గే విషయంలో అలాంటి సందేహానికి చోటు లేకపోయింది. 2011 జూన్ చివర్లో ఆరెగన్ రాష్ట్రంలోని యూజీన్‌లో అమెరికా జాతీయ పోటీలు. అందులో నెగ్గినవాళ్లే డేగు వెళ్తారు. గే మొదటి రౌండ్ దాటాడు. సెమీఫైనల్‌కి దిగలేదు. కాలు ఇక లేవనంది.

ఒక పొట్టి దూరం పరుగువాడికి ఈ కీలు ఎంత ముఖ్యమో చెప్పాలంటే బ్లాకుల దగ్గర వంగి ఉన్న మనిషిని ఒక్కసారి చూడాలి. ‘సెట్’ అనగానే నడుము లేస్తుంది, ముందు కాలి తొడ పొట్టకి దగ్గరగా మడిచి ఉంటుంది. లేబ్రమ్ సరిగ్గా నలిగే కోణమే అది. తుపాకీ పేలాక మోకాలు ఛాతీ వైపు దూసుకురావాలి, మళ్లీ అదే కాలు నేలని వెనక్కి తన్నాలి. వంద మీటర్లలో అలా నలభై పైచిలుకు అడుగులు. మారథాన్ పరుగెత్తేవాడి తుంటి వేల సార్లు కొద్దికొద్దిగా మడతపడుతుంది. స్ప్రింటర్ తుంటి పదే పదే చివరి అంచుదాకా వెళ్లొస్తుంది. నొప్పిని ఓర్చుకుని ఎలాగోలా లాక్కొద్దామనే వీలు మొదటివాడికి కొంత ఉంటుందేమో, రెండోవాడికి అసలు ఉండదు.

లండన్ ఒలింపిక్స్‌కి 13 నెలలు ఉంది. ఆపరేషన్ చేయించుకుంటే డేగు పోతుంది, ఒలింపిక్స్ దక్కొచ్చు. చేయించుకోకపోతే రెండూ పోవచ్చు. జులైలో గే కొలరాడో కొండల్లోని వేల్ పట్టణానికి వెళ్లి ఫిలిపాన్ బల్ల ఎక్కాడు.

వేల్ సముద్రమట్టానికి రమారమి 2,500 మీటర్ల ఎత్తులో ఉన్న మంచు క్రీడల ఊరు. కాళ్లు విరగ్గొట్టుకునే జనానికి కొదవ లేని చోటు కాబట్టి ఎముకల డాక్టర్లకి మంచి పని దొరికిన ఊరు కూడా. కెనడాలోని క్విబెక్‌కి చెందిన ఫిలిపాన్ 2005లో అక్కడికి వచ్చాడు. అప్పటికే గోల్ఫర్ గ్రెగ్ నార్మన్ తుంటి బాగుచేసిన పేరుంది. 2009లో బేస్‌బాల్ స్టార్ అలెక్స్ రోడ్రిగెజ్ కూడా ఇదే చిరుగుతో ఇదే బల్ల మీద పడుకున్నాడు. పోటీ ఆటగాళ్లు అతన్ని వెతుక్కుంటూ వెళ్లడానికి కారణం ఉంది. పూర్వం చిరిగిన లేబ్రమ్‌ని కత్తిరించి పారేసేవారు. ఫిలిపాన్ లాంటివాళ్లు దాన్ని తీసెయ్యకుండా కుట్టి నిలబెట్టే పద్ధతిని పట్టుకున్నారు.

చేసే విధానం ఇలా ఉంటుంది. మత్తిచ్చాక కాలుకి బూటు లాంటిది తొడిగి, ప్రత్యేకమైన బల్ల మీద మెల్లగా లాగుతారు. బంతి గిన్నెలోంచి సెంటీమీటరు మేర బయటికి వస్తుంది. ఆ సందులోకి, తొడ పక్కన పెట్టిన రెండు మూడు చిన్న రంధ్రాల్లోంచి కెమెరా, పనిముట్లు వెళ్తాయి. కాలిని అలా లాగి ఉంచే సమయం రెండు గంటలు దాటకూడదు. దాటితే నరాలు తిమ్మిరెక్కిపోతాయి. చిరిగిన లేబ్రమ్‌ని గిన్నె అంచుకి చిన్న చిన్న మేకులతో, దారంతో బిగిస్తారు. తర్వాత లాగుడు వదిలి, బొడిపెని గిరగిరా తిరిగే బర్‌తో చెక్కి ఎముకకి ఉండాల్సిన నొక్కుని మళ్లీ తెస్తారు. కుట్టడం కంటే ఈ చెక్కడమే కీలకం అంటారు సర్జన్లు. బొడిపె వదిలేసి కుట్టు ఒక్కటే వేస్తే కొన్నాళ్లకి మళ్లీ నలుగుతుంది. ఎక్కువ చెక్కితే తొడ ఎముక మెడ బలహీనపడి విరిగే ప్రమాదం.

ఇక్కడిదాకా సర్జన్ పని. ఇక మిగిలింది రోగి పని. అందులోనూ పరుగెత్తేవాడికి వచ్చే చిక్కు ఏంటంటే, అతనికి చేతనైంది ఒక్కటే, గట్టిగా చెయ్యడం. ఇక్కడ మొదటి నెలంతా అడిగేది మెత్తగా చెయ్యమని.

ఫిలిపాన్ రోగులకి ఆపరేషన్ రోజునే, లేదా మర్నాడు, కదలని సైకిల్ ఎక్కిస్తారు. బరువు సున్నా. తొక్కినట్టు కూడా ఉండదు, ఊరికే కాళ్లు తిరుగుతాయి. కీలు లోపల మచ్చలు పట్టి అతుక్కుపోకూడదని ఇది. అదే కారణంతో ఫిజియో రోజూ కాలిని చేతుల్లోకి తీసుకుని గుండ్రంగా, నెమ్మదిగా తిప్పుతాడు. మంచం మీద పడుకోబెట్టి కాలిని తనంతట తానే పైకీ కిందికీ కదిపే యంత్రాన్ని గంటల తరబడి పెడతారు. రాత్రి పాదాలు బయటికి తిరగకుండా బూట్లు కడతారు. నడిచేటప్పుడు చంకల్లో కర్రలు తప్పవు. పాదం నేల మీద ఆనించొచ్చు గానీ దాని మీద తొమ్మిది కిలోలకి మించి బరువు వెయ్యకూడదు. ఇది రెండు మూడు వారాలు. గిన్నెలోని ఎముకకి చిల్లులు పెట్టి మృదులాస్థి మొలిపించే పని కూడా చేసివుంటే ఆరు నుంచి ఎనిమిది వారాలు. ప్రపంచంలో అతి వేగవంతమైన మనుషుల్లో ఒకడికి, పాదం కింద ఇంట్లో తూకం పెట్టుకుని తొమ్మిది కిలోలకి ముల్లు ఎక్కడ ఆగుతుందో చూసుకొమ్మని చెప్పే వైద్యం ఇది.

కర్రలు పారేశాక అసలు పరీక్ష మొదలవుతుంది. నొప్పి తగ్గిపోతుంది. కాలు నాదేనన్న భావం వస్తుంది. లోపల కుట్టు మాత్రం ఇంకా ఎముకకి అతుక్కునే పనిలోనే ఉంటుంది. పిర్ర కండరాలు కరిగిపోయి ఉంటాయి. ఒంటికాలి మీద నిలబడితే నడుము రెండో పక్కకి వాలిపోతుంది. అలా వాలే మనిషిని పరుగుకి వదిలితే అతికించిన చోటే మళ్లీ భారం పడుతుంది. అందుకే వేల్‌లో తేదీని చూసి పంపెయ్యరు, పరీక్ష పెడతారు. నడుముకి సాగే తాడు కట్టి, ఒంటికాలి మీద మూడు నిమిషాలు గొంతుకు దిగుతూ లేవాలి, పక్కలకి గెంతాలి, ముందుకీ వెనక్కీ అడుగులేయాలి. మొత్తం 20 మార్కులు. 17 వస్తేనే ఆటకి అనుమతి. పరీక్షల మోజున్న మన దేశంలో ఈ పద్ధతి ఎందుకు ప్రాచుర్యంలోకి రాలేదో!

మామూలు జాగింగ్‌కి మూడు నాలుగు నెలలు, పూర్తి ఆటకి అయిదారు నెలలు అన్నది స్థూలంగా చెప్పే లెక్క. స్ప్రింటర్‌కి దాని మీద ఇంకా కలుపుకోవాలి. గే శీతాకాలం దాటి వసంతంలోకి వచ్చాకే, అదీ ముందుగా గడ్డి మీద, నిజమైన వేగాన్ని తాకాడు. బ్లాకుల్లోంచి లేచే సాధన అందరికంటే చివర్న వచ్చింది. ఎందుకో ఇందాక చూశాం.

అందరికీ ఆపరేషన్ కలిసొస్తుందా? బ్రిటన్‌లో 23 ఆసుపత్రుల్లో 348 మంది మీద జరిపిన పరిశోధన 2018లో లాన్సెట్‌లో వచ్చింది. సగం మందికి ఆపరేషన్, సగం మందికి పద్ధతి ప్రకారం ఫిజియోథెరపీ. ఏడాది తర్వాత చూస్తే రెండు గుంపులూ మెరుగుపడ్డాయి. ఆపరేషన్ గుంపు నూటికి ఏడు పాయింట్ల కంటే కాస్త తక్కువ తేడాతో ముందుంది. తేడా ఉంది, అద్భుతం లేదు. టెన్నిస్ ఆటగాడు ఆండీ మర్రే 2018 జనవరిలో మెల్‌బోర్న్‌లో తుంటికి ఇలాంటి రంధ్రాల ఆపరేషనే చేయించుకున్నాడు. ఏడాది తిరిగేసరికి నొప్పితో కన్నీళ్లు పెట్టుకుని, 2019 జనవరిలో లండన్‌లో కీలుకి లోహపు తొడుగు వేయించుకోవాల్సి వచ్చింది. మృదులాస్థి అప్పటికే బాగా అరిగిన కీలుకి లేబ్రమ్ కుట్టు పెద్దగా సాయం చెయ్యదు. ఆ తొడుగుతోనే అక్టోబరులో ఆంట్వెర్ప్‌లో టైటిల్ గెలవడం వేరే కథ.

మళ్లీ గే దగ్గరికి. 2012 జూన్ 9. న్యూయార్క్. ఏడాదిలో అతని మొదటి పందెం. వంద మీటర్లు రెండు భాగాలుగా పెట్టారు. పెద్ద పందెం బ్లేక్ 9.90తో గెలిచాడు. గేని పెట్టింది రెండో వరస వాళ్ల పందెంలో. ఒకప్పుడు ప్రపంచ చాంపియన్‌గా ఉన్నవాడికి అది చిన్నతనంగా అనిపించే చోటే. 10.00తో గెలిచాడు. కుట్టు నిలబడింది.

పదిహేను రోజులకి యూజీన్. అదే హేవర్డ్ ఫీల్డ్. నాలుగేళ్ల క్రితం తొడ పట్టేసి కూలబడ్డ ట్రాక్, ఏడాది క్రితం సెమీస్‌కి దిగకుండా వెనుదిరిగిన ట్రాక్. ముగ్గురికే లండన్ టికెట్టు. అమెరికాలో ఒలింపిక్ సెలక్షన్‌కి పాత పేరు, పాత పతకాలు పనికిరావు. ఆ రోజు మొదటి ముగ్గురిలో ఉండాలి, అంతే. జూన్ 24 ఫైనల్లో జస్టిన్ గాట్లిన్ 9.80తో మొదట వచ్చాడు. గే 9.86తో రెండో స్థానం. ర్యాన్ బెయిలీ 9.93తో మూడు.

ఈ 9.86 దగ్గర కాసేపు ఆగాలి. ఆపరేషన్ జరిగి ఏడాది నిండలేదు. పోటీల పరుగు మొదలుపెట్టి రెండు వారాలు. వయసు ముప్ఫైకి నెలన్నర తక్కువ. బ్లాకుల్లో సరైన సాధన లేదు. బొడిపె చెక్కిన ఎముకతో, మేకులతో బిగించిన లేబ్రమ్‌తో, ఎనిమిది నెలలు గొడ్డులా బరువులెత్తాల్సిన మనిషి అందులో సగం కాలం మెత్తగా సైకిల్ తొక్కి, గడ్డి మీద మెల్లగా పరుగెత్తి, ఇంత దూరం వచ్చాడు. జులై 6న పారిస్‌లో మళ్లీ పరుగెత్తి 9.99తో గెలిచాడు. వెనక వచ్చినవాళ్లలో గాట్లిన్ ఉన్నాడు. యూజీన్‌లో తనని ఓడించిన మనిషిని రెండు వారాలు తిరక్కుండా ఓడించాడు. వేల్‌లో జరగాల్సింది జరిగింది. ఇక కావాల్సింది ఇంకో నెల సాధన, కాస్త అదృష్టం.

ఆగస్టు 5, లండన్. ఆ ఫైనల్ వంద మీటర్ల చరిత్రలోనే గొప్పవాటిలో ఒకటి. గజ్జలు పట్టేసిన అసఫా పావెల్ తప్ప మిగతా ఏడుగురూ పది సెకన్లలోపే వచ్చారు. బోల్ట్ 9.63. బ్లేక్ 9.75. గాట్లిన్ 9.79. గే 9.80. కంచుకీ అతనికీ మధ్య సెకనులో నూరో వంతు. పందెం అయ్యాక విలేకరుల ముందు నిలబడి గే ఏడ్చేశాడు. శాయశక్తులా ప్రయత్నించాననీ, కొద్దిలో తప్పిపోయిందనీ చెప్పాడు. ఆ ముఖాన్ని టీవీలో చూసినవాళ్లెవరికీ గుండె కలుక్కుమనకుండా ఉండదు. తుంటి కోసం సంవత్సరం ధారపోసి, నూరో వంతు దగ్గర ఆగిపోయిన మనిషి! ఆరు రోజుల తర్వాత రిలేలో వెండి దొరికింది, 37.04. బోల్ట్ జట్టు ప్రపంచ రికార్డుతో గెలిచింది కాబట్టి వెండే గొప్ప అనుకున్నారు.

కథ ఇక్కడితో ఆగి ఉంటే ఎన్ని ఆదివారం పేజీలు దీన్ని కన్నీళ్లతో రాసుకునేవో.

2013 జూన్‌లో అమెరికా జాతీయ పోటీల్లో గే 9.75 పరుగెత్తాడు. జులై 14న అతనే ఫోన్లో విలేకరులకి చెప్పాడు, డోపింగ్ పరీక్షలో దొరికానని. ఎవరినో నమ్మానని, మోసపోయానని గొంతు పూడుకుపోతూ చెప్పాడు. మే, జూన్ నెలల్లో ఇచ్చిన నమూనాల్లో స్టెరాయిడ్ బయటపడింది. 2014 మే నెలలో అమెరికా డోపింగ్ నిరోధక సంస్థ తీర్పు చెప్పింది. విచారణకి సహకరించాడు కాబట్టి రెండేళ్లకి బదులు ఏడాది నిషేధం. అతని మాజీ కోచ్, సిడ్నీ ఒలింపిక్ రిలే బంగారం గెలిచిన జాన్ డ్రమ్మండ్‌కి ఆ ఏడాది చివర్లో ఎనిమిదేళ్ల నిషేధం పడింది.

తీర్పులో ఒక తేదీ ఉంది. నిషిద్ధ పదార్థం ఉన్న ఆ మందుని గే మొదటిసారి వాడింది 2012 జులై 15న. కాబట్టి ఆ రోజు నుంచి అతను పరుగెత్తిన పందేలన్నీ రద్దు.

కేలండరు ముందు పెట్టుకుని చూడండి. యూజీన్ ఫైనల్ జూన్ 24. మందు మొదలెట్టింది జులై 15. మధ్యలో 21 రోజులు. లండన్ ఫైనల్ ఆగస్టు 5. అక్కడికీ 21 రోజులే. యూజీన్ 9.86 రికార్డు పుస్తకాల్లో చెక్కుచెదరకుండా ఉంది. పారిస్‌లో గాట్లిన్‌ని ఓడించిన 9.99 ఉంది. లండన్ 9.80 లేదు. కన్నీళ్లు పెట్టుకున్న నాలుగో స్థానం లేదు. రిలే వెండిని ఒలింపిక్ సంఘం 2015లో వెనక్కి తీసుకుంది. అతనితో పాటు హీట్లో, ఫైనల్లో పరుగెత్తిన అయిదుగురు సహచరుల పతకాలూ పోయాయి. వాళ్లలో ఎవరి తుంటికీ ఈ కథతో సంబంధం లేదు.

9.86కీ 9.80కీ మధ్య ఉన్న తేడాలో సాధన ఎంత, మందు ఎంత అన్నది విడదీసి ఎవరూ చెప్పలేరు. మూడు వారాల్లో అలాంటి మందు ఎంత చెయ్యగలదన్న చర్చ డాక్టర్లకి వదిలేద్దాం. నాకు మింగుడుపడనిది వేరొకటి. తొమ్మిది కిలోల బరువు దగ్గర ఆగమంటే ఆగి, గడ్డి మీద పరుగెత్తమంటే పరుగెత్తి, రెండో వరస పందెంలో నిలబెడితే నిలబడి, తన శరీరం కోలుకుందని ప్రపంచం ముందు రుజువు చేసుకున్న తర్వాత ఆ మందు పుచ్చుకున్నాడు. కోలుకోలేక, దిక్కుతోచక వాడి ఉంటే కనీసం జాలి పడేవాళ్లం. పారిస్‌లో గెలిచిన తొమ్మిదో రోజున వాడాడు. పెద్ద ఆపరేషన్ నుంచి బయటపడే ఆటగాడి చుట్టూ సర్జన్, ఫిజియో, కోచ్ మాత్రమే ఉండరు. త్వరగా కోలుకునే క్రీములు, ‘సహజ’మైన గోలీలు, వయసుని వెనక్కి తిప్పే డాక్టర్లూ ఉంటారు. మానడానికి పట్టే కాలాన్ని కుదిస్తామనే మాట వాళ్లందరిదీ. మన ఊళ్ల జిమ్ముల్లోనూ ఆ మాట వినపడుతూనే ఉంటుంది.

నిషేధం అయ్యాక 2014 జులైలో లూసాన్‌లో గే మళ్లీ ట్రాకెక్కాడు. ప్రేక్షకులు పెద్దగా పట్టించుకోలేదు, పట్టించుకున్నవాళ్లు మంచి చూపుతో చూడలేదు. 9.93తో రెండో స్థానం. 2015 జూన్‌లో అమెరికా జాతీయ వంద మీటర్ల పోటీ గెలిచాడు. ఊరు యూజీన్, ట్రాక్ హేవర్డ్ ఫీల్డ్, టైము 9.87. ఆపరేషన్ జరిగి నాలుగేళ్లు, వయసు 33కి దగ్గర. మూడేళ్ల క్రితం ఇదే ట్రాక్ మీద పరుగెత్తిన దానికి ఇది నూరో వంతు మాత్రమే ఎక్కువ. సర్జన్‌కి ఇంతకంటే మంచి యోగ్యతాపత్రం అక్కర్లేదు.

ఇక మిగిలింది ఒలింపిక్ పతకం. 2016 ఆగస్టు, రియో. 34 ఏళ్ల వయసులో రిలేలో మూడోవాడిగా పరుగెత్తింది గే. అమెరికా మూడో స్థానంలో గీత దాటింది. జెండాలు కప్పుకుని నలుగురూ మైదానం చుట్టూ తిరుగుతుండగా పెద్ద తెర మీద వాళ్ల పేరు పక్కన రద్దు అన్న అక్షరాలు వచ్చాయి. మైక్ రోడ్జర్స్ చేతిలోంచి గాట్లిన్ చేతిలోకి బ్యాటన్ గీత దాటకముందే మారిందన్నారు. కంచు కెనడాకి వెళ్లింది. ఆ మార్పు జరిగిన చోటికి గే వంద మీటర్ల అవతల ఉన్నాడు, తన వంతు కోసం చూస్తూ.